పంపిన మెయిల్ మనదేనని మెయిల్‌బాక్సుకి ఎలా తెలుస్తుంది?

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, నెల్లూరు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో, ఒంగోలు ఆడిటర్ల దగ్గర తరచూ వినబడే మాటలివి. “మీ ప్యాకింగ్ లిస్టు రాలేదే సార్.” “పంపించినాం కదన్నా, నిన్న మధ్యాహ్నమే.” “ఒకసారి మళ్లీ చూడండి.” తీరా చూస్తే సెంట్ ఫోల్డర్‌లో అది ఉండదు. గుమస్తా మాత్రం పంపాననే అంటాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు. మెయిల్ మన దగ్గర్నుంచి వెళ్లింది, దాని నకలు మాత్రం మనం వెతికే చోట పడలేదు.

“ఇది ఈ ఖాతాదారు రాసింది” అని చెప్పే ముద్ర ఏదీ మెయిల్‌లో ఉండదు. సాఫ్ట్‌వేర్ చూసేది రెండే ఆనవాళ్లు. మెయిల్ ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని ఫ్రమ్ వరుసలో ఎవరి అడ్రసు ఉంది. మామూలు రోజుల్లో రెండూ ఒకే మాట చెబుతాయి కాబట్టి మనం పట్టించుకోం. ఆ రెంటికీ పొసగని సందర్భాలు మాత్రం చాలానే ఉన్నాయి. సెంట్‌లో ఉండాల్సింది ఇన్‌బాక్స్‌లో కనబడుతుంది, ఫ్రమ్‌లో మన అడ్రసే ఉంటుంది గానీ రాసింది మనం కాదు, మనమే రాశాం గానీ వేరే ఐడీతో వెళ్లింది. ఒక్క ఆనవాలునే నమ్మి ఫిల్టర్ పెట్టిన వాళ్లు ఎప్పుడో ఒకసారి వీటిలో ఏదో ఒకదానికి చిక్కుతారు.

పంపడం వేరు, నకలు దాచడం వేరు

తపాలా పెట్టెలో ఉత్తరం వేయడం ఒక పని, దాని నకలు బీరువాలో ఫైలు చేసుకోవడం మరో పని. ఈమెయిల్‌లోనూ అంతే. బయటికి పంపేది ఎస్ఎమ్‌టీపీ అనే పద్ధతి. సాధారణంగా పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు లాంటిది) 587 లేదా 465 మీద నడుస్తుంది. సర్వర్‌లోని ఫోల్డర్లను చూపించేది, వాటిలో నకళ్లు పెట్టేది ఐమ్యాప్, పోర్టు 993. థండర్‌బర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో సెండ్ నొక్కగానే ముందు ఎస్ఎమ్‌టీపీ మీద మెయిల్ వెళ్తుంది. ఆ తర్వాత అదే మెయిల్ ఐమ్యాప్ మీద రెండోసారి ఎక్కి సెంట్ ఫోల్డర్‌లో పడుతుంది. 8 ఎంబీల గ్రానైట్ బ్లాకుల ఫొటోలు జతచేస్తే మీ నెట్ కనెక్షన్ వాటిని రెండుసార్లు మోస్తుందన్నమాట.

మొదటి పని అయ్యాక, రెండోది ముగిసేలోపు నెట్ పోయిందనుకోండి. మెయిల్ వెళ్లింది గానీ నకలు సెంట్ ఫోల్డర్‌లో పెట్టలేకపోయామని థండర్‌బర్డ్ చెబుతుంది. చాలామంది దాన్ని చదవకుండా, ఎర్రర్ వచ్చిందని మళ్లీ సెండ్ కొడతారు. అవతలి కొనుగోలుదారుకి ఒకే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ రెండుసార్లు అందుతుంది. రెండో దాంట్లో ఒక అంకె దిద్ది ఉంటే ఏది అసలుదో తెలియక ఇక ఫోన్ల మీద ఫోన్లు. ఆ సందేశం కనబడితే చేయాల్సింది నకలు దాచే పనిని మళ్లీ ప్రయత్నించమనడం మాత్రమే. మెయిల్‌ని మళ్లీ పంపకూడదు.

జీమెయిల్ తీరు వేరు. దాని ఎస్ఎమ్‌టీపీ సర్వర్ మీదుగా వెళ్లిన ప్రతి మెయిల్‌కీ గూగుల్ తానే సెంట్‌లో నకలు పెడుతుంది. కాబట్టి జీమెయిల్ ఖాతాని థండర్‌బర్డ్‌లో వాడేవారు అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ పేజీకి వెళ్లి, ‘ప్లేస్ ఎ కాపీ ఇన్’ దగ్గరున్న టిక్ తీసేయాలి. రెండోసారి ఎక్కించే భారం తప్పుతుంది. సొంత డొమైన్ పేరుతో (కంపెనీ పేరే అడ్రసులో ఉండేలా) హోస్టింగ్, అంటే అద్దె సర్వర్, తీసుకున్న ఖాతాల్లో మాత్రం ఆ టిక్ ఉండి తీరాలి. అక్కడ సాధారణంగా సాఫ్ట్‌వేర్ పెడితేనే నకలు, లేకపోతే లేదు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నేరుగా వెళ్లే ఇన్‌వాయిస్‌లు, స్కానర్ మిషన్ నుంచి నేరుగా వెళ్లే పీడీఎఫ్‌లు సెంట్‌లో కనబడకపోవడానికీ ఇదే కారణం. అవి ఎస్ఎమ్‌టీపీ ఒక్కటే వాడతాయి, ఐమ్యాప్ జోలికి పోవు. హోస్టింగ్ సర్వర్ మీదుగా పంపితే ఎక్కడా నకలు మిగలదు. అలాంటి ప్రతి యంత్రంలోనూ బీసీసీ (అవతలివారికి తెలియకుండా నకలు పంపే) గడి ఉంటే అందులో ఆఫీసు ఐడీ రాసిపెట్టండి. బీసీసీ లేకపోతే సీసీ. అదొక్కటే ఆధారం. అలా తిరిగొచ్చిన నకలు ఇన్‌బాక్స్‌లో పడుతుంది, ఫ్రమ్‌లో మన అడ్రసే ఉంటుంది. ఫోల్డర్ ఒక మాట, ఫ్రమ్ ఒక మాట చెప్పే మొదటి సందర్భం ఇది.

ఒకే ఐడీ, మూడు చేతులు

మన చిన్న ఆఫీసుల్లో సాధారణంగా కనబడే ఏర్పాటు ఇలా ఉంటుంది. అకౌంటెంట్ కంప్యూటర్‌లో పాత అవుట్‌లుక్, అదీ పాప్ పద్ధతిలో. ఓనర్ ఫోన్‌లో ఐమ్యాప్. కృష్ణపట్నం పోర్టు పనులు చూసే కుర్రాడు ఏ కంప్యూటర్ దొరికితే దాని బ్రౌజర్‌లో తెరుస్తాడు. ముగ్గురిదీ ఒకే ఐడీ, ఒకే పాస్‌వర్డ్. ముగ్గురూ పంపుతారు. ఎవరు ఏం పంపారో మిగతా ఇద్దరికీ సగమే కనబడుతుంది.

దీంట్లో పెద్ద చిక్కు పాప్. అది సర్వర్ నుంచి వచ్చినవి దించుకోవడానికే పుట్టింది, దానికి ఫోల్డర్లంటే తెలియదు. అకౌంటెంట్ పంపిన మెయిళ్లన్నీ ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్కులోనే ఉంటాయి. ఓనర్ ఫోన్‌లో ఎంత వెతికినా అవి దొరకవు. హార్డ్‌డిస్కు పోతే పంపినవన్నీ పోయినట్టే. జీమెయిల్‌ని పాప్‌లో పెట్టుకున్నవారికి తిరకాసు మరోలా వస్తుంది. జీమెయిల్ పాప్ ద్వారా స్పామ్, ట్రాష్ తప్ప దాదాపు అన్నింటినీ దించేస్తుంది, ఫోన్ నుంచీ బ్రౌజర్ నుంచీ మనం పంపినవాటితో సహా. అవన్నీ అవుట్‌లుక్ ఇన్‌బాక్స్‌లో వరుసగా వచ్చి పడతాయి. “నా మెయిల్ నాకే వస్తోంది, వైరస్ పట్టిందేమో” అని కంగారు పడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. వైరస్ ఏమీ లేదు. ఫ్రమ్‌లో మన అడ్రసున్న మెయిల్ వస్తే పక్క ఫోల్డర్‌కి తరలించమని ఒక రూల్ రాస్తే ఇన్‌బాక్స్ శుభ్రపడుతుంది. అసలు మందు మాత్రం ఐమ్యాప్‌కి మారడమే. మారేముందు ఆ కంప్యూటర్‌లోని పాత డేటా ఫైలుకి బ్యాకప్ తీసి పక్కన పెట్టండి. పాప్ ఖాతాని తీసేసే తొందరలో ఏళ్ల తరబడి పంపినవి పోగొట్టుకోకూడదు.

ఐమ్యాప్‌లోనూ ఒక మెలిక ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ ‘సెంట్’ అంటుంది, ఇంకొకటి ‘సెంట్ ఐటమ్స్’ అంటుంది, మరొకటి ‘సెంట్ మెసేజెస్’ అంటుంది. సర్వర్‌లో ఈ మూడు పేర్లతో మూడు ఫోల్డర్లు తయారై, ఫోన్ ఒక దాంట్లో, కంప్యూటర్ ఇంకో దాంట్లో నకళ్లు వేస్తూపోతాయి. ఏ ఫోల్డర్ ఏ పనికో సర్వరే చెప్పే పద్ధతిని ఆర్ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా 2011లో పెట్టారు. దాన్ని రెండు వైపులా పాటించినచోట ఈ గొడవ లేదు. పాత సర్వర్లలో, పాత ఫోన్లలో ఇప్పటికీ ఉంది. సరిచేయడం కష్టం కాదు. బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి ఎన్ని సెంట్ ఫోల్డర్లున్నాయో లెక్కపెట్టండి. ఒకదాన్ని ఖాయం చేసుకుని, థండర్‌బర్డ్‌లో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ దగ్గర, ఐఫోన్‌లో ఆ ఖాతా ‘అడ్వాన్స్‌డ్’ పేజీలోని సెంట్ మెయిల్‌బాక్స్ దగ్గర అదే ఫోల్డర్‌ని ఎంచుకోండి. మిగతా ఫోల్డర్లలో ఉన్నవాటిని దాంట్లోకి జరపండి. రెండు రోజులు ఆగి, పాతవాటిలో కొత్తగా ఏమీ పడటం లేదని తేలాకే వాటిని తీసేయండి.

సెంట్‌లో వెతికితే దొరకని జవాబుల గురించి కూడా చెప్పాలి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ అన్న వరుసలో వెళ్తే ‘ఇన్‌బాక్స్‌లో లేని మెయిల్‌కి జవాబిస్తే ఆ జవాబుని అదే ఫోల్డర్‌లో దాచు’ అనే అర్థం వచ్చే టిక్ ఒకటి ఉంటుంది. థండర్‌బర్డ్‌లోనూ అలాంటిదే ఉంది. దాన్ని ఎవరో ఎప్పుడో పెట్టి ఉంటే, బయ్యర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోంచి ఇచ్చిన జవాబులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి, సెంట్‌కి రావు. ఒక పార్టీ ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఒకేచోట ఉండాలనుకునే ఆడిటర్ ఆఫీసుకి ఇది చాలా మంచి ఏర్పాటు. తెలియకుండా పెట్టుకుంటేనే తలనొప్పి. కంపెనీ ఎక్స్‌ఛేంజ్ సర్వర్‌లో ఉమ్మడి మెయిల్‌బాక్స్ వాడేచోట ఇంకో తేడా: ఉమ్మడి పేరుతో పంపినా, మామూలుగా నకలు పంపినవారి సొంత సెంట్ ఐటమ్స్‌లోనే పడుతుంది. ఉమ్మడి పెట్టెలోనూ పడాలంటే అడ్మిన్ సర్వర్ దగ్గర ఒక సెట్టింగు మార్చాలి.

పాస్‌వర్డ్ పంచుకోవడం కన్నా జీమెయిల్‌లో డెలిగేట్ పద్ధతి వెయ్యి రెట్లు నయం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ పేజీలో ‘గ్రాంట్ యాక్సెస్ టు యువర్ అకౌంట్’ దగ్గర మామూలు ఖాతాకి 10 మంది వరకూ చేర్చవచ్చు. ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్లు వస్తారు. పంపిన మెయిల్‌లో ఆఫీసు ఐడీతోపాటు పంపిన మనిషి అడ్రసు కూడా కనబడాలా వద్దా అనేది అక్కడే ఎంచుకోవచ్చు. కనబడేలా పెట్టండి. ఆర్నెల్ల తర్వాత “ఈ రేటు కోట్ చేసిందెవరు?” అన్న ప్రశ్నకి జవాబు మెయిల్‌లోనే ఉంటుంది.

జీమెయిల్‌లో వడకట్టడం

ఇకమీద వచ్చే సెర్చ్ ఆదేశాలను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. సెర్చ్ గడిలో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, కోలన్ తర్వాత ఖాళీ వదలకుండా కొట్టాలి.

మొదట ఒకటి మనసులో పెట్టుకోవాలి. జీమెయిల్‌లో ఫోల్డర్లు లేవు, ఉన్నవి లేబుళ్లు. మీకు మీరే ఒక మెయిల్ పంపుకుంటే అది ఇన్‌బాక్స్‌లోనూ సెంట్‌లోనూ కనబడుతుంది గానీ ఉన్నది ఒక్కటే మెయిల్, దానికి రెండు చీటీలు. ఒకచోట డిలీట్ చేస్తే రెండుచోట్లా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత దొరకదు. సభ్యులందరికీ వెళ్లే ఆఫీసు గ్రూపు ఐడీకి మెయిల్ పంపి, అది మళ్లీ తన ఇన్‌బాక్స్‌కి రాలేదని గ్రూపునే అనుమానించేవాళ్లున్నారు. మెసేజ్ ఐడీ (ప్రతి మెయిల్‌కీ ఉండే గుర్తింపు) ఒకటే కాబట్టి, సెంట్‌లో ఉన్న నకలు చాలని జీమెయిల్ రెండోదాన్ని చూపించదు. అందరికీ వెళ్లిందా అని తెలుసుకోవాలంటే గ్రూపులో ఉన్న ఇంకొకరిని అడగాల్సిందే.

‘ఇన్:సెంట్’ అంటే సెంట్ చీటీ ఉన్నవి. ‘ఫ్రమ్:మి’ అంటే ఫ్రమ్ వరుసలో మీ ఐడీ ఉన్నవి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ‘ఫ్రమ్:మి’ అని కొట్టి, దాని పక్కన ‘-ఇన్:సెంట్’ అని మైనస్ గుర్తుతో చేర్చి చూడండి. మీ అడ్రసుతో ఉండి సెంట్‌లో లేనివన్నీ బయటపడతాయి. వేరే సర్వర్ మీదుగా స్కానర్ పంపినవి, పాత ఖాతా నుంచి దిగుమతి చేసినవి, మీ పేరు వాడుకుని ఎవరో పంపినవి ఆ జాబితాలో ఉంటాయి. మామూలుగా చిన్న జాబితానే వస్తుంది. నెలకోసారి చూస్తే చాలు.

పనికొచ్చే వెతుకులాట ఎప్పుడూ మూడు నాలుగు ముక్కల కలయిక. 2024-25 ఆర్థిక సంవత్సరంలో ఒక క్లయింటుకి పంపిన పీడీఎఫ్‌లు కావాలంటే: ‘ఇన్:సెంట్’, ‘టు:’ తర్వాత క్లయింటు అడ్రసు, ‘ఫైల్‌నేమ్:పీడీఎఫ్’, ‘ఆఫ్టర్:2024/03/31’, ‘బిఫోర్:2025/04/01’. తేదీలో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. మనకి అలవాటైన రోజు-నెల వరుసలో కొడితే తప్పు ఫలితాలొస్తాయి. అంచుల దగ్గర ఒక రోజు అటూ ఇటూ ఎక్కువ పెట్టుకోవడం మేలు. మార్చి 31 రాత్రి పంపినదాని మీదే కదా తగాదా వచ్చేది. అవతలివాళ్ల కంపెనీలో నలుగురున్నారనుకోండి, పూర్తి అడ్రసు బదులు యట్ గుర్తు తర్వాత వచ్చే డొమైన్ పేరు మాత్రం రాస్తే నలుగురికీ పంపినవి వస్తాయి.

జీమెయిల్ సెర్చ్ పూర్తి మాటల్నే పట్టుకుంటుంది, మాట మధ్యలోని ముక్కని పట్టుకోదు. సబ్జెక్టులో ‘ఇన్‌వాయిస్0142’ అని కలిపేసి రాస్తే, తర్వాత 0142 అని వెతికితే అది దొరకదు. మధ్యలో ఖాళీ వదిలితే దొరుకుతుంది. ఈ ఒక్క అలవాటు ఆఫీసులో అందరికీ నేర్పిస్తే ఏ ఫిల్టరూ ఇవ్వనంత లాభం ఉంటుంది. అలాగే పార్టీ పేరు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లిష్‌లో రాస్తే అవి రెండు వేర్వేరు మాటలు. ఏదో ఒక లిపికి కట్టుబడి ఉండాలి.

ఫలితాలు చూసి గందరగోళపడటానికి ఇంకో కారణం కాన్వర్సేషన్ వ్యూ. ఒక సబ్జెక్టు మీద పోయినవీ వచ్చినవీ అన్నీ ఒకే వరుసగా మడిచి చూపిస్తుంది. దాంట్లో మీ జవాబు ఒక్కటున్నా ‘ఇన్:సెంట్’ ఫలితాల్లో ఆ మడత మొత్తం వస్తుంది. తిరగేసి, ‘-ఫ్రమ్:మి’ అని మీవి తీసేయమన్నా మీవి కనబడుతూనే ఉంటాయి, ఆ మడతలో అవతలివాళ్లది ఒక్కటున్నా చాలు కాబట్టి. మీవి మాత్రమే విడిగా కావాలంటే కంప్యూటర్‌లో సెట్టింగ్స్, జనరల్ పేజీలో కాన్వర్సేషన్ వ్యూ ఆపేసి, వెతికి, పని అయ్యాక మళ్లీ పెట్టుకోండి. ఒక మడతలో 100 మెయిళ్లు దాటినా, సబ్జెక్టు మారినా జీమెయిల్ కొత్త మడత మొదలుపెడుతుంది. పాత బయ్యర్‌తో సాగే సుదీర్ఘ బేరాల్లో సగం ఉత్తరాలు కనబడలేదని అనిపించేది అందుకే.

ఇక ఫిల్టర్. జీమెయిల్ ఫిల్టర్లు వచ్చే మెయిళ్ల కోసం చేసినవి. సెండ్ నొక్కగానే మీ మెయిల్‌కి లేబుల్ పడుతుందని వాటిమీద ఆధారపడకండి. నమ్మకంగా పనిచేసే దారి వేరే ఉంది. మీ ఐడీలో యట్ గుర్తుకి ముందు ప్లస్ గుర్తు, దాని తర్వాత ‘జీఎస్‌టీ’ లాంటి ఒక మాట చేర్చినా ఆ మెయిల్ మీ పెట్టెకే వస్తుంది. కొత్త ఖాతా తెరవక్కర్లేదు. క్లయింటుకి పంపేటప్పుడు ఆ ప్లస్ అడ్రసుని సీసీలో పెట్టండి. ‘టు’ గడిలో ఆ ప్లస్ అడ్రసున్నవాటికి జీఎస్‌టీ లేబుల్ వేయమని ఒక ఫిల్టర్ రాయండి. మీరు పంపింది మీకూ వచ్చినట్టే కాబట్టి ఫిల్టర్ దాన్ని పట్టుకుంటుంది. క్లయింటు ‘రిప్లై ఆల్’ కొడితే ఆ జవాబులోనూ ప్లస్ అడ్రసు ఉంటుంది, దానికీ లేబుల్ పడుతుంది. నెలలో 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బీ రిటర్నుల గడువుల మధ్య వంద మంది క్లయింట్లతో నడిచే ఉత్తరాలని వేరుచేయడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు. సీసీ అడ్రసు అవతలివారికి కనబడుతుంది కాబట్టి ప్లస్ తర్వాత పెట్టే మాట మర్యాదగా ఉండాలి. ఇప్పటికే ఉన్న పాతవాటికైతే, ఫిల్టర్ తయారుచేసే చివరి పేజీలో ‘మ్యాచింగ్ కాన్వర్సేషన్స్‌కి కూడా వర్తింపజేయి’ అన్న టిక్ పెడితే చాలు.

పంపాం గానీ జవాబు రానివి చూపించమంటే జీమెయిల్ సెర్చ్ చూపించలేదు, అలాంటి ఆదేశమే లేదు. జనరల్ సెట్టింగ్స్‌లోని ‘నడ్జెస్’ కొన్నిటిని గుర్తుచేస్తుంది. బాకీల వసూలు దాని మీద వదిలేయదగ్గ పని కాదు.

థండర్‌బర్డ్, అవుట్‌లుక్‌లో

పంపినవాటి మీద ఫిల్టర్ నడపడానికి థండర్‌బర్డ్ మిగతావాటికన్నా బాగుంటుంది. టూల్స్ మెనూలో మెసేజ్ ఫిల్టర్స్ తెరిచి, పైన ఖాతా ఎంచుకుని, న్యూ నొక్కండి. ‘అప్లై ఫిల్టర్ వెన్’ దగ్గర ‘ఆఫ్టర్ సెండింగ్’ అనే టిక్ ఉంటుంది, అదే కీలకం. షరతుగా ‘టు’ లో ఫలానా డొమైన్ ఉంటే అని, పనిగా ట్యాగ్ వేయమనో ఫలానా ఫోల్డర్‌కి నకలు తీయమనో చెప్పండి. తరలించడం కన్నా ట్యాగ్ మేలు. తరలిస్తే సెంట్‌లో ఖాళీ ఏర్పడుతుంది, ఫోన్‌లో చూసేవారికి అది ‘పంపలేదు’ అనిపిస్తుంది. ఫిల్టర్లు పైనుంచి కిందికి వరుసలో నడుస్తాయి. పై ఫిల్టర్ మెయిల్‌ని జరిపేస్తే కిందిది దాన్ని అందుకోలేకపోవచ్చు. జరిపేవాటిని అడుగున ఉంచండి.

దేన్నీ కదపకుండా అన్నీ ఒకచోట చూడాలంటే ఫైల్ మెనూలో న్యూ, సేవ్డ్ సెర్చ్. ఇన్‌బాక్స్, సెంట్, పార్టీల ఫోల్డర్లు అన్నీ టిక్ చేసి, ఫ్రమ్‌లో మీ అడ్రసు ఉండాలని షరతు పెట్టండి. ఎక్కడెక్కడో చెల్లాచెదురైన మీ జవాబులన్నీ ఒక ఫోల్డర్‌లా కనబడతాయి. ఆ ఫోల్డర్‌నే తీసేస్తే నష్టం లేదు. దాంట్లో ఉన్న మెయిల్‌ని డిలీట్ చేస్తే మాత్రం అసలు మెయిలే పోతుంది.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో రూల్స్ అండ్ అలర్ట్స్‌లో న్యూ రూల్, ‘అప్లై రూల్ ఆన్ మెసేజెస్ ఐ సెండ్’. ఇక్కడ ఫోల్డర్‌కి నకలు మాత్రమే పంపగలరు, అసలుది సెంట్ ఐటమ్స్‌లోనే ఉంటుంది. అంటే జతచేసిన ఫైళ్లకి రెట్టింపు చోటు. ఈ రూల్ ఆ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ తెరిచి ఉన్నప్పుడే నడుస్తుంది. ఓనర్ ఫోన్ నుంచి పంపినదాన్ని అది తాకదు. అందుకని రూల్ కన్నా సెర్చ్ ఫోల్డర్ నమ్మకమైనది: న్యూ సెర్చ్ ఫోల్డర్‌లో ‘మెయిల్ ఫ్రమ్ స్పెసిఫిక్ పీపుల్’ ఎంచుకుని మీ పేరే ఇవ్వండి. ఒక సెర్చ్ ఫోల్డర్ ఒక డేటా ఫైలులోనే వెతుకుతుంది, రెండు ఖాతాలుంటే రెండు కావాలి. ఇదే రూల్స్ పేజీలో సెండ్ నొక్కాక 120 నిమిషాల వరకూ మెయిల్‌ని ఆపి ఉంచే వీలూ ఉంది. రెండు నిమిషాలు పెట్టుకుంటే మరిచిపోయిన అటాచ్‌మెంట్‌ని చేర్చుకునే సమయం దొరుకుతుంది. జీమెయిల్‌లో ఈ గడువు 30 సెకన్లకి మించదు.

ఫ్రమ్‌లో మన పేరు, రాసింది మనం కాదు

ఇది చాలా జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సిన విషయం. ఫ్రమ్ వరుసని పంపేవాడు తనకి నచ్చినట్టు రాసుకోవచ్చు. ఎస్ఎమ్‌టీపీ పుట్టినప్పుడు దాన్ని తనిఖీ చేసే ఏర్పాటు లేదు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు తర్వాత వచ్చాయి, ఇప్పుడు అవే కాపలా. “మీ ఖాతా నా చేతిలో ఉంది, చూడండి మీ ఐడీ నుంచే మీకు రాస్తున్నాను, డబ్బు పంపండి” అంటూ వచ్చే బెదిరింపు మెయిల్ ఈ లొసుగు మీద నడిచేదే.

తనిఖీ చేయడం సులువు. సెంట్‌లో అది ఉందా చూడండి. జీమెయిల్ ఖాతాలో అది లేకపోతే దాదాపుగా మీ ఖాతా నుంచి వెళ్లనట్టే, వాడు ఫ్రమ్ వరుసలో మీ అడ్రసు రాసుకున్నాడంతే. ఆపైన జీమెయిల్‌లో ఆ మెయిల్ మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ తెరిస్తే మూడు తనిఖీల ఫలితం పైనే కనబడుతుంది. ‘ఫెయిల్’ అని ఉంటే నకిలీ అయ్యే అవకాశం ఎక్కువ. సెంట్‌లో మీరు రాయనివి నిజంగానే ఉంటే అది వేరే సంగతి, ఖాతా చేజారింది. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, ఫిల్టర్ల పేజీనీ ఫార్వర్డింగ్ పేజీనీ చూడండి. దొంగలు తరచూ చేసే పని బ్యాంకు మెయిళ్లని కనబడకుండా ట్రాష్‌కి పంపే ఫిల్టర్ ఒకటి రాసిపెట్టడం. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ పేజీ అడుగున కుడివైపు ‘డీటెయిల్స్’ నొక్కితే ఇటీవల ఎక్కడినుంచి తెరిచారో తెలుస్తుంది.

కాబట్టి ఒక ఫిల్టర్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి: ‘నా ఐడీ నుంచి వచ్చేవి స్పామ్‌కి పంపవద్దు.’ స్కానర్ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయని చాలా ఆఫీసుల్లో దీన్ని పెట్టుకుంటారు. మీ పేరుతో వచ్చే ప్రతి నకిలీకీ అది తలుపు తెరిచిపెట్టడమే. స్కానర్ మెయిల్‌కి సబ్జెక్టులో ఎవరూ ఊహించని ఒక గుర్తు పెట్టి, ఫ్రమ్, సబ్జెక్టు రెండూ కలిస్తేనే వదలమని రాయండి. ఇంకా మంచిది, స్కానర్‌ని మీ ఖాతా అసలు ఎస్ఎమ్‌టీపీ సర్వర్ మీదుగానే పంపేలా సర్దడం. జీమెయిల్‌కైతే రెండంచెల ధ్రువీకరణ పెట్టాక వచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ అక్కడ ఇవ్వాలి.

తేదీ, బౌన్స్, రుజువు

పాత కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోతే గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. డేట్ వరుసని రాసేది పంపే కంప్యూటరే కాబట్టి, ఈ రోజు పంపిన మెయిల్ సెంట్ జాబితాలో అట్టడుగుకి చేరవచ్చు, తేదీ షరతు పెట్టిన సెర్చ్‌లో రాకపోవచ్చు. సెంట్‌లో లేదనుకున్నది కొన్నిసార్లు ఇలా అడుగున ఉంటుంది. థండర్‌బర్డ్‌లో ‘ఆర్డర్ రిసీవ్డ్’ వరుసతో సర్దితే పైకొస్తుంది. ఫోన్‌లో అయితే అవుట్‌బాక్స్ చూడండి. సింక్ ఆపేసి ఉంటే మెయిల్ అక్కడే ‘క్యూడ్’ అని కూర్చుంటుంది. అది ఇంకా వెళ్లలేదు.

సెంట్‌లో ఉన్నంత మాత్రాన చేరినట్టూ కాదు. ‘ఫ్రమ్:మెయిలర్-డీమన్’ అని వెతికి, చేరక తిరిగొచ్చినవి (బౌన్స్) చూడాలి. దాంట్లోని ఎర్రర్ కోడ్ 5తో మొదలైతే శాశ్వత తిరస్కారం: అడ్రసు తప్పు లాంటివి. 4తో మొదలైతే తాత్కాలికం, సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది, మీరు తొందరపడి రెండోది పంపనక్కర్లేదు. జీమెయిల్ పరిమితి 25 ఎంబీలే అయినా, అటాచ్‌మెంట్‌ని మెయిల్‌లో ఇమిడ్చేటప్పుడు దాని పరిమాణం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 18 ఎంబీలు దాటిన ఫైలు చిన్న పరిమితి ఉన్న సర్వర్ల దగ్గర తిరిగొస్తే ఆశ్చర్యపోకండి.

వ్యవహారం తగాదాకి వెళ్లేలా ఉంటే స్క్రీన్‌షాట్ మీద ఆధారపడకండి. ఐటీ చట్టం, 2000లోని 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ఆ రికార్డు ప్రవేశించినప్పుడు పంపినట్టు లెక్క. దాన్ని చూపించేవి మెయిల్ హెడర్లు, అంటే అది ఏ సర్వర్ల మీదుగా ఎప్పుడు వెళ్లిందో ఉండే వరుసలు. స్క్రీన్‌షాట్‌లో అవి ఉండవు. ‘షో ఒరిజినల్’ పేజీలో ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ నొక్కితే ఈఎమ్ఎల్ ఫైలు దిగుతుంది, దాన్ని తెరిచి దిద్దకుండా అలాగే దాచండి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ అడుగుతుంది, దాంట్లో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. సర్టిఫికెట్ సంగతి వకీలు చూసుకుంటారు, మార్పులేని ఫైలు ఇవ్వాల్సింది మాత్రం మనమే.

ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఏప్రిల్‌లో గూగుల్ టేకౌట్‌కి (గూగుల్ ఖాతాలోని డేటా దించుకునే పేజీ) వెళ్లి, జీమెయిల్ ఒక్కటే ఎంచుకుని, లేబుళ్లలో సెంట్ మాత్రం టిక్ చేస్తే పంపినవన్నీ ఎమ్‌బాక్స్ ఫైలుగా వస్తాయి. దాని నకలు ఆఫీసు బయట ఇంకో డిస్కులో ఉంచండి. ఆ తర్వాతే, 15 జీబీ నిండిందని చోటు కోసం ‘ఇన్:సెంట్ లార్జర్:10ఎమ్’ అని వెతికి పెద్దవాటిని తీసేయడం మొదలుపెట్టండి. తీసేసేటప్పుడు కాన్వర్సేషన్ వ్యూ ఆపి ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఆపకపోతే మీ మెయిల్‌తోపాటు బయ్యర్ ఇచ్చిన జవాబులు కూడా ట్రాష్‌లోకి పోతాయి.